మంచు బండికి కందెన

అమెరికాలో మోంటానా రాష్ట్రానికి దక్షిణపు కొసన వెస్ట్ ఎల్లోస్టోన్ అనే చిన్న వూరు ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం పన్నెండువందల పైచిలుకు జనం. మన జిల్లాల్లో అయితే దానికి పోస్టాఫీసు కూడా పక్క వూళ్ళోనే ఉండేది. అయినా ఎల్లోస్టోన్ జాతీయవనానికి పడమటి వాకిలి ఇదే కావడం చేత, వేసవిలో ఈ వూరు తిరునాళ్ళలాగా ఉంటుంది. చలికాలపు సంగతి వేరు. నవంబరు మొదట్లోనే ఈ వాకిలి గుండా కార్లు పోవడం ఆపేస్తారు. ఆ తరువాత రోడ్డు మీద కురిసిన మంచును ఎవరూ ఎత్తిపోయరు. యంత్రాలతో చదునుగా అణగదొక్కి దాన్నే రోడ్డు చేస్తారు. డిసెంబరు నడిమి నుంచి మార్చి నడిమి దాకా ఈ దారిన లోపలికి పోయే వాహనాలు రెండే రకాలు. ఒకటి, పెద్ద పెద్ద మెత్తని టైర్లో, రబ్బరు పట్టాలో తగిలించిన బస్సు. రెండోది స్నోమొబైలు.

చూడని వారికి స్నోమొబైలును ఎలా వర్ణించాలి? మోటారు సైకిలుకు ముందు చక్రం తీసేసి, దాని చోట కొసలు పైకి వంగిన రెండు పలకలు అమర్చారనుకోండి. వెనక చక్రానికి బదులు, మూరకు కాస్త తక్కువ వెడల్పున పళ్ళున్న రబ్బరు పట్టా చుట్టారనుకోండి. హ్యాండిలు తిప్పితే పలకలు దారి చూపుతాయి, పట్టా మంచును కరుచుకుని బండిని ముందుకు తోస్తుంది. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో ఇవి హోటళ్ళ ముందు, కాఫీ దుకాణాల ముందు, చివరకు పెట్రోలు బంకు ముందు కూడా వరసలు తీరి ఉంటాయి. విజయవాడలో సినిమా హాలు ముందు స్కూటర్లు నిలిపినట్టే.

నేను అక్కడికి చేరింది 2023 జనవరి నెలాఖరున. బోజ్‌మన్ పట్నంలో చదువుకుంటున్న మా మేనల్లుడు కారులో తీసుకు వెళ్ళాడు. గాలటిన్ నది వెంట, కొండల నడుమ తొంభై మైళ్ళ దారి. మర్నాడు తెల్లవారి హోటలు గుమ్మానికి తగిలించిన ఉష్ణమాపకం సున్నాకు దిగువ 34 డిగ్రీలు చూపించింది. సెంటిగ్రేడు లెక్కే సుమండీ! బయట అడుగు పెట్టగానే ముక్కులోని తడి గడ్డకట్టి, ఎవరో ముక్కుపుటాలకు జిగురు రాసినట్టనిపించింది. కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకున్నాయి. నా అవస్థ చూచి హోటలు యజమాని నవ్వి, ఇది వారికి పెద్ద చలి కాదన్నాడు. ఆయన చెప్పినది గొప్పలు కావు. ఈ వూరి పక్కనే ఉన్న రివర్‌సైడ్ అనే కాపలా స్థావరంలో 1933 ఫిబ్రవరి 9న సున్నాకు దిగువ 54 డిగ్రీలు నమోదైంది. వనం మొత్తంలో నేటి వరకు అదే రికార్డు.

ఈ ప్రయాణంలో నేను వేడినీటి బుగ్గలు చూచాను, అడవిదున్నలను చూచాను, గడ్డకట్టిన జలపాతాన్ని చూచాను. అయితే అన్నిటికన్నా ఎక్కువగా నా మనస్సులో నిలిచిపోయినది ఒక నూనె డబ్బా. కాదు, రెండు డబ్బాలు.

మా మేనల్లుడూ, వాడి స్నేహితులిద్దరూ కలిసి డబ్బులు వేసుకుని పాత స్నోమొబైలు ఒకటి కొన్నారు. నాలుగు స్ట్రోకుల ఇంజనుది. వనం బయట ప్రభుత్వ అడవుల్లో వందల మైళ్ళ మంచుబాటలు ఉన్నాయి, వాటిలో తిరగడానికన్నమాట. బండిని ఈ వూళ్ళోనే ఒక షెడ్డులో అద్దెకు నిలుపుకున్నారు. ఆ షెడ్డు మెకానిక్కు ఒక ఆడమనిషి. అరవై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు టోపీలోకి దోపుకుని, మోకాళ్ళ దగ్గర నూనె మరకలున్న నీలిబట్టలు వేసుకుని, మాట్లాడేటప్పుడు కూడా చేతిలో స్పానరు విడవని మనిషి. మేము వెళ్ళేసరికి వాడి బండికి ఇంజను ఆయిలు మార్చే ప్రయత్నం జరుగుతున్నది.

వాడి దగ్గర రెండు డబ్బాలున్నాయి. ఒకటి, బండి అమ్మిన రైతు ఉచితంగా ఇచ్చినది. ట్రాక్టర్లకూ లారీలకూ వాడే రకం. దాని మీద 15డబ్ల్యు-40 అని ఉన్నది. రెండోది దుకాణంలో కొన్నది, 0డబ్ల్యు-40. ధర మొదటి రకానికి రెండింతలు. వాడికి మొదటి దాని మీదే మనసు.

"సున్నా అంటే నీళ్ళలాగా పల్చన అన్నమాట మామయ్యా! ఇంజను నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతుంది. అంత రాపిడికి చిక్కటి నూనె ఉంటేనే గదా భద్రం?" అన్నాడు.

ఇది వాడొక్కడి అభిప్రాయం కాదు. మన ఎండల్లో పుట్టి పెరిగిన వాళ్ళం అందరమూ ఇలాగే అనుకుంటాము. ఎద్దుబండి ఇరుసుకు కందెన పెట్టే రోజుల నుంచీ, చిక్కగా అంటుకుని ఉండేదే మంచి కందెన అని మన నమ్మకం. మండు వేసవిలో కారిపోయేది పనికిరానిది. ఏడాదికి పది నెలలు చెమటలు కారే దేశంలో ఆ నమ్మకం అన్యాయమైనది కూడా కాదు.

మెకానిక్కు వాదించలేదు. వాడి చేతిలో రెండు ఖాళీ గాజుసీసాలు పెట్టి, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క నూనె సగం దాకా పోయమన్నది. మూతలు బిగించి, షెడ్డు బయట మంచులో గుచ్చి, "రేపు పొద్దున వచ్చి చూడండి" అని తన పనిలో పడింది.

ఆ రాత్రి హోటల్లో కూర్చుని వాడి చేత ఈ యంత్రాల కథ చెప్పించుకున్నాను. ముందు దాన్ని చెప్పి, తరువాత సీసాల దగ్గరకు వస్తాను.

కెనడాలో క్విబెక్ రాష్ట్రంలోని వాల్కూర్ అనే పల్లెలో జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ అనే మెకానిక్కు ఉండేవాడు. మంచు మీద నడిచే బండి తయారు చెయ్యాలని పదిహేనో ఏటి నుంచే తంటాలు పడేవాడు. 1934 చలికాలంలో ఆయన చిన్న కొడుకుకు కడుపులో జబ్బు చేసింది. ఆపరేషను అవసరం. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చే సాధనం లేక పిల్లవాడు పోయాడు. ఆ తరువాత ఆయనకు ఈ పని పట్టుదల అయింది. 1937లో పళ్ళచక్రంతో తిరిగే పట్టాకు పేటెంటు పొందాడు. డాక్టర్లకూ, టపాకూ, బడిపిల్లలకూ ఆ పెద్ద బండ్లు వరప్రసాదాలైనాయి. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి స్కీ-డూ 1959లో వచ్చింది. 1968 ఏప్రిల్‌లో రాల్ఫ్ ప్లెయిస్టెడ్ అనే అమెరికను బృందం ఇటువంటి బండ్ల మీదనే ఉత్తర ధ్రువం చేరింది.

చలిదేశాల్లో ఇంజను కదలకపోవడమంటే ఏమిటో ఆ పిల్లవాడి మరణం చెబుతుంది. మన వూళ్ళో స్కూటరు ఆగిపోతే తోసుకుంటూ పోతాము, తిట్టుకుంటాము, ఆఫీసుకు ఆలస్యమవుతుంది. ఇక్కడ ఫోను పలకని అడవిలో, ఇరవై మైళ్ళ లోపల, సాయంత్రం అయిదున్నరకే పొద్దు వాలే రోజుల్లో ఇంజను ఆగితే అది ప్రాణం మీదికి వచ్చే మాట.

నాలుగు స్ట్రోకుల సంగతి కూడా చెప్పాలి. చాలాకాలం పాటు చిన్న స్నోమొబైళ్ళు ఎక్కువగా మన పాత స్కూటర్లవలె రెండు స్ట్రోకులవే. పెట్రోలు బంకులో టూ-టీ ఆయిలు కలిపించుకోవడం, వెనకాల నీలిపొగ కక్కుతూ పోవడం మన వారికి తెలిసినదే. అందులో నూనె పెట్రోలుతో పాటు కాలిపోతుంది. ఎల్లోస్టోన్ వనంలోకి మొదటి స్నోమొబైళ్ళు 1963లో వచ్చాయి. 1990ల నాటికి రద్దీ రోజుల్లో వెయ్యికి పైగా బండ్లు ఈ వాకిట్లో బారులు తీరేవి. గాలి కదలని చలి ఉదయాల్లో ఆ నీలిపొగ పైకి లేవక అక్కడే పేరుకునేది. టిక్కెట్లు ఇచ్చే ఉద్యోగుల గదుల్లోకి గొట్టాలతో మంచి గాలి పంపవలసి వచ్చింది. 2002లో వారు ముఖాలకు విషవాయువుల ముసుగులు తగిలించుకుని నిలబడ్డ ఫోటోలు దేశమంతా పత్రికల్లో పడ్డాయి. భూలోక స్వర్గమని చెప్పుకునే చోట ఆ గతి పట్టింది!

ఈ బండ్లను క్రమంగా మానిపించాలని 2000లో ఒక నిర్ణయం; దాన్ని మారుస్తూ మరొకటి; రెండు కోర్టుల నుంచి రెండు రకాల తీర్పులు. ఆ వ్యవహారం అంతా రాస్తే సీరియలు అవుతుంది. ఎట్టకేలకు 2004-05 చలికాలం నుంచి, పొగా చప్పుడూ నిర్ణీతమైన హద్దులోపు ఉన్న బండ్లనే, అదీ గైడు వెంట ఉంటేనే రానిచ్చారు. 2013లో ఖాయపరచిన నిబంధనలతో రోజుకు ఎన్ని గుంపులన్నది కూడా కట్టుదిట్టమైంది; లాటరీలో పర్మిట్టు దొరికిన కొద్దిమంది మాత్రం గైడు లేకుండా పోవచ్చు. ఆ పరీక్షకు నిలిచినవి ప్రధానంగా నాలుగు స్ట్రోకుల ఇంజనులు. వీటిలో నూనె కాలిపోదు. అడుగునో, పక్క తొట్టిలోనో ఉండి, పంపు ద్వారా ఇంజను అంతా తిరిగి మళ్ళీ తొట్టికే చేరుతుంది. ఒకసారి పోసిన నూనె నెలల తరబడి అదే పని చెయ్యాలి. కనుకనే ఏ నూనె పొయ్యాలన్న ప్రశ్నకు ఇంత గిరాకీ.

మర్నాడు పొద్దున సీసాల దగ్గరకు వెళ్ళాము. మెకానిక్కు చేతితొడుగులతో వాటిని మంచులోంచి పీకి, మూతలు తీసి, రెండిటినీ ఒకేసారి రేకు పళ్ళెం మీద వంచింది. 0డబ్ల్యు-40 నిదానంగా, పాత తేనెలాగా, కాని ధార తెగకుండా పడింది. 15డబ్ల్యు-40 పడలేదు. సీసాను బోర్లించి పట్టుకున్నది. సంక్రాంతి రోజుల్లో మన ఇళ్ళల్లో గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను తలకిందులు చేసి చూస్తామే, అదే తంతు. కొంతసేపటికి సీసా మూతి దగ్గర బొటనవేలంత ముద్ద వేలాడింది. కింద పడడానికి దానికి తీరిక లేదు.

"ఇంజను అడుగున ఇది ఇలాగే కూర్చుని ఉంటుంది. పైన బేరింగులు దీని కోసం ఎదురుచూస్తూ ఉంటాయి" అన్నది ఆవిడ.

మా వాడు మాట్లాడలేదు. నేను మాత్రం ఆ అంకెల భాష ఏమిటో విప్పి చెప్పమని అడిగాను. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక, ఏ సంకేతాన్ని చూచినా దాని విగ్రహవాక్యం చెప్పించుకోకపోతే నాకు తోచదు.

డబ్ల్యు అనే అక్షరం వింటర్ అనే మాటకు గుర్తు, అంటే చలికాలం. దాని ముందున్న అంకె చలిలో నూనె నడతను తెలుపుతుంది. వెనక ఉన్న అంకె వేడెక్కిన నూనె చిక్కదనాన్ని తెలుపుతుంది. దాన్ని ముఖ్యంగా 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కొలుస్తారు. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ రెండు సీసాల మీదా వెనక అంకె 40 గదా! అంటే ఇంజను బాగా వేడెక్కిన తరువాత రెండూ ఒకే తరగతి చిక్కదనం. సున్నా అన్నంత మాత్రాన రాపిడి దగ్గర నూనె నీళ్ళయిపోదు. తేడా అంతా చలిలోనే. 15 డబ్ల్యు నూనెకు, పంపు దాన్ని లాగగలదని పరీక్ష పెట్టేది సున్నాకు దిగువ 25 డిగ్రీల వద్ద. 0 డబ్ల్యు నూనెకు ఆ పరీక్ష సున్నాకు దిగువ 40 వద్ద. మేము నిలబడి ఉన్న ఉదయం 34. ఒకటి తన హద్దు దాటిపోయింది, రెండోది ఇంకా హద్దులోనే ఉన్నది.

ఆ పరీక్షలో చిక్కదనానికి కొలత సెంటీపాయిజు. మామూలు గది వేడిమిలో నీటి చిక్కదనం సుమారు ఒకటి. మన ఆముదానిది సుమారు వెయ్యి. పంపు పరీక్షలో నూనె 60 వేలు దాటరాదు. అంటే ఆముదానికి అరవై రెట్లు చిక్కగా ఉన్నా కూడా పంపు దాన్ని ఈడ్చుకోగలదన్నమాట. ఆ పైన మాత్రం దానికి శక్తి చాలదు. చాలకపోతే ఏమవుతుంది? పేరుకున్న నెయ్యిలో చెంచా ముంచి తీస్తే గుంట పడుతుంది. చుట్టూ ఉన్న నెయ్యి వచ్చి ఆ గుంటను పూడ్చదు. పంపు నోటి దగ్గర అదే జరుగుతుంది. దగ్గరలో ఉన్న కాస్త నూనెనూ లాగి, ఆ తరువాత గాలి పీలుస్తుంది. పైన ఇనుము మీద ఇనుము పొడిగా తిరుగుతుంది.

ఆముదం ప్రస్తావన వచ్చింది గనుక ఒక ముక్క. తొలినాటి విమానాల్లో, పందెపు కార్లలో ఇంజనులకు ఆముదమే పోసేవారు. క్యాస్ట్రాల్ అనే ప్రసిద్ధమైన పేరు ఆముదానికి ఇంగ్లీషు పేరైన క్యాస్టర్ నుంచి పుట్టినదే. నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లో ఆముదపు చెట్లు చూచిన నాకు, ఆ మంచులో ఈ మాట తలచుకుంటే చుట్టం కనిపించినట్టయింది.

ఇంతకూ ఈ గడ్డకట్టడం ఎందుకు? భూమిలోంచి తీసిన నూనెలో మైనం అంశ కొంత మిగిలి ఉంటుంది. చలికి అది స్ఫటికాలుగా అల్లుకుని నూనెను జల్లెడలో పట్టినట్టు పట్టేస్తుంది. అలా కాకుండా కొన్ని మందులు కలుపుతారు. కాని వాటిని పూర్తిగా నమ్మి మోసపోయిన సందర్భం ఒకటి ఉన్నది. 1980-81 చలికాలంలో అమెరికాలోని సూ ఫాల్స్ అనే పట్నంలో ఎన్నో కారు ఇంజనులు పాడైపోయాయి. వాటిలో పోసిన నూనెలు అప్పటి పరీక్షలన్నీ నెగ్గినవే! విచారించగా తేలినది ఇది: పరీక్షల్లో నూనెను గబగబా చల్లబరిచేవారు. నిజమైన చలి అలా రాదు. నిదానంగా, ఒక పగలూ రాత్రీ నానుస్తూ వస్తుంది. ఆ నిదానంలో మైనానికి అల్లుకునే వ్యవధి దొరికింది. అప్పటి నుంచి రెండు రోజుల పాటు మెల్లగా చల్లార్చి చేసే పరీక్ష వచ్చింది. కృత్రిమంగా రసాయనశాలలో కట్టిన అసలైన సింథటిక్ నూనెల్లో ఈ మైనమే ఉండదు. అందుకే వాటికి ఆ ధర.

మరి చలిలో పారే నూనె వేడిలో నీళ్ళు కాకుండా ఎలా నిలుస్తుంది? అందులో పొడవైన గొలుసుల వంటి అణువులను కలుపుతారు. చలిలో అవి ముడుచుకుని ఒక మూల పడుకుంటాయి. వేడికి విప్పారి నూనె పల్చబడకుండా అడ్డుపడతాయి. స్నోమొబైలుకు ఈ రెండు గుణాలూ కావాలి. బయట సున్నాకు దిగువ 34 ఉన్నా, గంటసేపు లోతు మంచులో ఈడ్చిన ఇంజను లోపల నూనె సలసల కాగే నీటి కంటే వేడిగా ఉంటుంది.

ఇక కొనేటప్పుడు చూచుకోవలసిన వాటిని గురించి ఆవిడ చెప్పినది చాలావరకు ఒకే మాట: బండితో వచ్చిన పుస్తకం తెరవండి. ఒక తయారీదారు 0డబ్ల్యు-40 అంటాడు, ఇంకొకడు 0డబ్ల్యు-30 అంటాడు. వెనక అంకె ఎంత ఉండాలన్నది ఆ ఇంజను బేరింగుల సందును బట్టి వాడు నిర్ణయించినది. మనం దిద్దడానికి వీల్లేదు. ముందు అంకె మాత్రం చలిప్రాంతానికి సున్నాయే. పుస్తకం పోయిందంటే తయారీదారు దగ్గర ప్రతి దొరుకుతుంది. రెండు స్ట్రోకుల నూనె డబ్బా మీద కూడా స్నోమొబైలు బొమ్మ ఉంటుంది. బొమ్మ చూచి దాన్ని తెచ్చి నాలుగు స్ట్రోకుల తొట్టిలో పోసే వారున్నారట. అది కాలిపోవడానికి చేసిన నూనె. నెలల తరబడి బేరింగులను కాయడం దాని తరం కాదు.

"మరి మోటారు సైకిలు నూనె?" అని అడిగాను. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది అదే గదా.

మోటారు సైకిల్లో క్లచ్చు ఇంజను నూనెలోనే మునిగి ఉంటుంది. నూనె మరీ జారుడుగా ఉంటే క్లచ్చు పట్టదు. అందుకని ఆ డబ్బాల మీద జాసో ఎం.ఎ. అని వేరే గుర్తు వేస్తారు. స్నోమొబైల్లో ఆ బాధ లేదు. ఇంజను బలాన్ని పట్టాకు అందించేది విడిగా, పొడిగా తిరిగే రబ్బరు బెల్టు. పైగా ఆ బెల్టు మీద చుక్క నూనె పడినా జారిపోతుంది గనుక, నూనె పోసేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. గొలుసుపెట్టెకు మళ్ళీ వేరే నూనె. ఈ మూడిటినీ కలగాపులగం చెయ్యకుండా ఉంటే సగం గెలిచినట్టే అన్నది ఆవిడ. మన 20డబ్ల్యు-40 డబ్బాను చూపిస్తే ఏమనేదో గాని, అది మన దేశపు ఎండకు తగినదే. ఆ వూళ్ళో దానికి సున్నాకు దిగువ 34లో పంపు దాకా నడిచే శక్తి ఉండదు.

ఇంకొక సంగతి నాకు కొత్తగా అనిపించింది. చలిలో ఇంజనును కాసేపు తిప్పి ఆపి, కాసేపు తిప్పి ఆపి చేస్తే నూనె పెరుగుతుందట! తరగడం విన్నాము గాని పెరగడమేమిటి? కాలని పెట్రోలు, చెమ్మ రెండూ జారి నూనెలో కలుస్తాయి. కొలిచే పుల్లను తీసి చూస్తే మట్టం పైకి వచ్చి ఉంటుంది, మనిషి మురిసిపోతాడు. వాసన చూస్తే పెట్రోలు. ఆ నూనె పల్చబడి, పని చెయ్యడం మానేసి ఉంటుంది. అందుకే పుస్తకంలో చెప్పిన మైళ్ళు పూర్తి కాకపోయినా, చలికాలం ముగిసి బండిని మూల నిలిపేముందు నూనె మార్చాలి. వేసవంతా ఆ మురికినూనెలో ఇంజను నానరాదు. మట్టం చూచే పద్ధతి కూడా బండి బండికీ వేరు. పక్కన తొట్టి ఉన్న రకంలో ఇంజనును కాస్త తిప్పి వేడి చేశాకనే చూడాలి. లేకపోతే నూనె ఎక్కడ ఉన్నదో పుల్ల సరిగా చెప్పదు.

ఆ పగలు మేము అద్దె బండి మీద వనంలోకి వెళ్ళాము. మా వాడు నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. పడమటి వాకిలి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే ప్రసిద్ధమైన వేడినీటి బుగ్గకు ముప్పై మైళ్ళు. వేగం గంటకు 35 మైళ్ళు దాటరాదు. ముందు గైడు, వెనక మేము పది బండ్లు, ఒకరి వెనక ఒకరం, గంగిరెద్దుల వాళ్ళ బారులాగా. మాడిసన్ నది పక్కన ఆవిర్లు లేచి, చెట్ల కొమ్మలకు తెల్లటి నూగు పట్టించినాయి. ఒక మలుపులో అడవిదున్నలు ఏడెనిమిది రోడ్డు మీదనే ఎదురు వచ్చాయి. గడ్డాలకు మంచు ముద్దలు కట్టి ఉన్నాయి. గైడు చెయ్యి ఎత్తగానే అందరమూ ఇంజనులు ఆపేశాము. నిశ్శబ్దంగా ఉన్నది. అవి మా పక్క నుంచే, ఒక్కొక్కటి నిట్టూర్పు విడుస్తూ, తొందర లేకుండా నడిచి పోయాయి. వాటి ఊపిరి చప్పుడు నాకు వినిపించింది. పాతకాలపు వెయ్యి బండ్ల నీలిపొగలో ఆ చప్పుడు ఎవరికి వినిపించి ఉంటుంది?

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సుమారు గంటన్నరకొకసారి ఎగజిమ్ముతుంది. మేము చేరేసరికి అప్పుడే ఒకసారి అయిపోయింది. ఇంకొక దాని కోసం కాచుకుని, భోజనం చేసి, తిరిగి బండ్ల దగ్గరకు వచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి. ఎండ ఉన్నదే గాని వెచ్చదనం లేదు. సీట్ల మీద మంచుపొడి పేరుకున్నది. అంతసేపు చలిలో నానిన పది ఇంజనులు. నాకు మనసులో ఆ బోర్లించిన సీసా మెదిలింది. మా వాడు తాళం తిప్పి బొత్తాం నొక్కాడు. స్టార్టరు ఒక్క క్షణం బరువుగా తిరిగి, ఇంజను అందుకున్నది. ఎర్రదీపం వెలిగి, ఆరిపోయింది. నూనె పైకి చేరిందనడానికి గుర్తు అది. వాడు మాత్రం వెంటనే బండి కదపలేదు. గైడు చెప్పకుండానే, రెండు మూడు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చాడు.

మర్నాడు బోజ్‌మన్‌కు బయలుదేరేముందు షెడ్డులో వాడి పాత బండిని తిప్పి వేడి చేసి, ఉన్న నూనె అంతా దించేశారు. వేడిగా ఉంటేనే మడ్డితో సహా దిగుతుంది. కొత్త ఫిల్టరు బిగించి, 0డబ్ల్యు-40 పోసి, పుల్లతో రెండుసార్లు మట్టం చూచుకున్నాడు. దించిన నల్లనూనెను పారబొయ్యనివ్వక ఆవిడ పీపాలోకి ఎత్తింది. నదికి చేరితే చేపలు చస్తాయని. రైతు ఇచ్చిన 15డబ్ల్యు-40 డబ్బాను వాడు అక్కడే వదిలిపోతానన్నాడు. ఆవిడ తీసుకుని, దాని మీద కాగితం అంటించి, పెన్సిలుతో "జూన్ - ట్రాక్టరు" అని రాసి, అలమారు పై అరలో పెట్టింది.